చిరునామా లేని కంప్యూటరు కేక ఏరు దాటేదెలా?

నరసాపురం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లికి వెళ్ళినవారికి ఒక సంగతి తెలుసు. ఈ ఒడ్డున ఎంత గట్టిగా దండోరా వేసినా ఆ ఒడ్డున వినపడదు. కబురు ఏరు దాటాలంటే ఎవరో ఒకరు మోసుకుపోవాలి. కంప్యూటర్ల లోకంలోనూ ఇలాంటి చిక్కే ఒకటుంది.

నెట్‌వర్కులో చేరే ప్రతి కంప్యూటరుకూ ఐపీ చిరునామా అనే సంఖ్య కావాలి. 192.168.10.25 వంటిదన్నమాట. పూర్వం ఈ సంఖ్యను ప్రతి యంత్రంలోనూ మనిషే కూర్చుని నింపేవాడు. పొరపాటున ఒకే సంఖ్య రెండింటికి పడిందా, ఇద్దరి ఉత్తరాలూ తారుమారే! అందుచేత చిరునామాలు పంచే పనిని సర్వరు అనే కంప్యూటరుకు అప్పగించారు. ఈ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. దీని నిబంధనలు 1993లో వెలువడ్డాయి. వాటిని కూర్చినవాడు అమెరికాలోని బక్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్.

అప్పుడే మేలుకొన్న కంప్యూటరుకు తన చిరునామా తెలియదు, సర్వరుదీ తెలియదు. మరి ఎవరికని రాస్తుంది? రాయదు, కేక వేస్తుంది! పంపినవారి చోట 0.0.0.0 అనీ, అందవలసినవారి చోట 255.255.255.255 అనీ వేస్తుంది. ఈ రెండోదానికి "ఇక్కడున్న అందరికీ" అని అర్థం. సర్వరు విని, "ఈ సంఖ్య ఖాళీగా ఉంది, కావాలా?" అంటుంది. "అదే ఇవ్వండి" అంటుంది కంప్యూటరు. "సరే, నీదే" అని సర్వరు ఖాయం చేస్తుంది. శాశ్వతంగా కాదు సుమా! మన పొలాల కౌలుకు మల్లే దీనికీ గడువుంటుంది.

ఇప్పుడొక పెద్ద కళాశాలను ఊహించుకోండి. ప్రయోగశాలది ఒక నెట్‌వర్కు, వసతిగృహానిది మరొకటి. మధ్యలో రూటరు అనే యంత్రం. ఒకవైపు కేకను అది రెండోవైపు పోనివ్వదు. పోనిస్తే వేల కంప్యూటర్లు ఒకదాని కేకలు ఒకటి వింటూ కూర్చోవలసిందే. మరి సర్వరు అవతలి ఒడ్డున ఉంటే? ఒడ్డుకొక సర్వరు పెట్టవచ్చు, కాని అన్ని చిట్టాలు ఎవరు చూస్తారు?

అందుకే రూటరుకు రిలే అనే మరో ఉద్యోగం ఇచ్చారు. ఏరూ అదే, పంటూ అదేనన్నమాట! కేక వినగానే దాన్ని మామూలు ఉత్తరంగా మార్చి నేరుగా సర్వరు పేర పంపుతుంది. పంపేముందు అర్జీలో ఒక గడి నింపుతుంది. కేక వచ్చినవైపు తనకున్న చిరునామాను అందులో వేస్తుంది. కిటుకంతా ఈ గడిలోనే ఉంది. వసతిగృహం సంఖ్యలు 192.168.20తో మొదలవుతాయనుకుందాం. గడిలో 192.168.20.1 కనపడగానే ఇది వసతిగృహం రేవునుంచి వచ్చిందని సర్వరు గ్రహిస్తుంది. ఆ వరుసలోంచే ఖాళీ సంఖ్య తీసి, జవాబును ఆ రేవుకే పంపుతుంది. గడి ఖాళీగా ఉంటే మాత్రం తన ఒడ్డు సంఖ్యే ఇచ్చేస్తుంది. సఖినేటిపల్లి ఇంటికి నరసాపురం డోరు నంబరు తగిలించినట్టే! ఆ ఇంటికి ఒక్క ఉత్తరమూ చేరదు.

దారిలో ఇంకో రిలే తగిలితే, అది ఈ గడిని ముట్టుకోకూడదు. ఎన్ని రిలేలు దాటిందో లెక్కవేసే గడి వేరే ఉంది. ఆ లెక్క 16 మించితే అర్జీని పారవేస్తారు. లేకపోతే దారితప్పిన అర్జీ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. నిజానికి ఈ గడులు డీహెచ్‌సీపీ కంటే పాతవి. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ అనే ఇద్దరు బూట్‌పీ అనే పాత పద్ధతి కోసం వీటిని ఏర్పరచారు.

ఇళ్ళలో సాధారణంగా రిలే అవసరం రాదు. సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామానికి 2016లో ఫైబరు తీగ వచ్చింది. అలాంటి ఇంట్లో ఉండే చిన్న పెట్టే సెల్‌ఫోన్లకు సంఖ్యలు పంచుతుంది. కేక గది దాటితే చాలు, ఏరు దాటనక్కరలేదు.

కౌలు గడువు సగం గడిచేసరికి కంప్యూటరు మళ్ళీ అర్జీ పెట్టుకుంటుంది. ఈసారి దానికి చిరునామా ఉంది, సర్వరెవరో కూడా తెలుసు. కాబట్టి కేక వేయదు. నేరుగా ఉత్తరమే రాస్తుంది. రూటరు దాన్ని అన్ని ఉత్తరాలతోపాటే ఏరు దాటిస్తుంది.