ఎగరడంతో పాటు వెనుదిరగడమూ నేర్వాలి



మొన్న మా వీధిలో ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఈ ఏటి మిరపకాయల డబ్బుతో కూతురికి పెళ్ళి చేద్దామనుకుంటే, ఆ పిల్ల విమానం నడపడం నేర్చుకుంటానంటోందట. "డబ్బు మాట అటుంచు వదినా, పైన ఇంజను ఆగిపోతే నా పిల్ల గతేమిటి?" అంది. కన్నతల్లి అడగవలసిన ప్రశ్నే!

ఆడపిల్ల విమానం నడపడం వింతేమీ కాదండీ. 1936లోనే సరళా థక్రాల్ ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో చీర కట్టుకుని నడిపింది. ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్.

సొంతానికి నడుపుకునే లైసెన్సుకు 17 ఏళ్ళు నిండాలి, పదో తరగతి ప్యాసవాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. జీతానికి నడపాలంటే 200 గంటలు కావాలి.

ఇక ఆవిడ ప్రశ్నకు వద్దాం. ఇంజను ఆగినా విమానం రాయిలా పడిపోదు. గద్ద రెక్కలాడించకుండా జారినట్టు జారుతుంది. కిలోమీటరు ఎత్తున ఉన్న చిన్న శిక్షణ విమానం ఎనిమిది కిలోమీటర్ల దాకా జారగలదు. ఆలోగా దిగే చోటు వెతుక్కోవాలి. పొగాకు బారను పొగ చూసి గాలి ఎటునుంచి వీస్తోందో గ్రహించి, దానికి ఎదురుగా దిగాలి. కరెంటు తీగలున్న చేను పనికిరాదు. వాన పడ్డ నల్లరేగడి పత్తి చేను అసలే వద్దు, చక్రాలు దిగబడి విమానం తలకిందులవుతుంది. ఇదంతా పాఠంగా నేర్పి, మళ్ళీ మళ్ళీ చేయిస్తారు.

అసలు నేలమీదే సగం జాగ్రత్త ఉంది. బయలుదేరే ముందు టాంకు అడుగునుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి పట్టి చూస్తారు. నూనె కింద నీళ్ళు చేరినట్టే, పెట్రోలులో నీరుంటే అడుగున కనబడుతుంది. ఎన్నేళ్ళ అనుభవమున్నా జాబితా చూసుకుంటూ ఒక్కొక్కటీ సరిచూడాల్సిందే. "నాకు తెలుసులే" అనడానికి వీల్లేదు.

మన ఎండలూ లెక్కలోకి వస్తాయి. రెంటచింతల మే నెల ఎండకు గాలి పలచబడుతుంది. రెక్కకు పట్టు తగ్గి, విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుకే ఉదయపు చల్లపూట మేలు.

అన్నిటికన్నా పెద్ద గండం మబ్బు. అందులో దూరితే నేల, ఆకాశం రెండూ కనబడవు. ఒళ్ళు ఒరిగినా నిటారుగానే ఉన్నట్టు చెవి మోసం చేస్తుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమల మీద వానమబ్బుల్లో కూలి, అందులోని ఐదుగురూ పోయారు. అనుభవం గల పైలట్లకే ఆ గతి పడితే, కొత్తగా నేర్చినవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలి? మబ్బు కనబడగానే వెనక్కి తిరగాలి. అది పిరికితనం కాదు, అదే విద్య.

ఆవిడకు నేను చెప్పింది ఇంతే. "శిక్షణ ఇచ్చేచోటికి నువ్వే వెళ్ళు. ఎన్ని గంటలు ఎగరనిస్తారని కాదు, ఏ రోజుల్లో ఎగరనివ్వరని అడుగు. తడుముకోకుండా చెబితే పిల్లను నమ్మి పంపు."

ఆవిడ ఇంకా సరేననలేదు. పెళ్ళి మాట మాత్రం ఈ ఏటికి ఆపింది. ఉంటాను, సెలవు.