ఉబ్బ, కియర్, లెవియాథన్: జిడ్డు తీసే విద్య ఎవరిది?

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబరులో మొదలైంది. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం రూపమే మారిపోయింది. అద్దాల మేడల పక్కన పెద్ద హోటళ్లు లేచాయి. వాటి దుప్పట్లు, తువ్వాళ్లు ఉక్కు డ్రమ్ముల యంత్రాల్లో ఉతుకుతారు. క్షారం, వేడి, తిప్పుడు, పిండుడు అన్నీ బటన్ల మీద నడుస్తాయి. దీనికి టెక్నాలజీ అని పేరు. ఇదే పని బాన పెట్టి, బండ మీద చేస్తే చాకిరీ అని పేరు. రసాయనశాస్త్రం చదివిన వాళ్లకు ఈ రెండింటికీ తేడా కనపడదు. మరి తేడా ఎక్కడ పుట్టింది?

ముందు ఉబ్బ సంగతి చూద్దాం. చాకలామె బట్టల్ని చౌడు కలిపిన నీళ్లలో నానబెడుతది. చౌడులో సోడియం కార్బొనేట్ ఉంటది. నానిన బట్టల్ని బాన మీద పేర్చి, కింద మంట పెట్టి, రాత్రంతా ఆవిరి పట్టిస్తది. ఒంటి చెమట, నూనె బట్టకు పట్టి ఉంటాయి గదా, ఆ జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు వేడికి క్షారంతో కలిసి అక్కడికక్కడే సబ్బయితాయి. అంటే ఆమె బట్టకు సబ్బు పెట్టడం లేదు, మురికినే సబ్బుగా మారుస్తున్నది. తెల్లారి రేవులో బండకేసి కొడితే ఆ సబ్బు మురికితో సహా నీళ్లలోకి పోతది.

19వ శతాబ్దపు ఇంగ్లండు నూలు మిల్లుల్లో 'కియర్' అనే పెద్ద ఇనుప పాత్ర ఉండేది. నూలుకు సహజంగా ఉండే మైనం పోవాలంటే గుడ్డను అందులో కుక్కి, క్షారం కలిపిన నీళ్లతో గంటల తరబడి ఉడికించేవాళ్లు. కియర్ అంటే మిల్లు యజమాని ఉబ్బ, అంతే. ఆ సోడా కోసం ఫ్రాన్సులో లెబ్లాంక్ ఉప్పు నుంచి దాన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టి 1791లో పేటెంటు తీసుకున్నాడు. చౌడు నేలను కంటితో చూసి గుర్తుపట్టిన మనిషికి పేటెంటు లేదు, పేరు కూడా లేదు.

ఉన్ని దగ్గరికి వస్తే విద్య ఇంకా సున్నితమైంది. నూలు క్షారానికి తట్టుకుంటది. ఉన్ని మాంసకృత్తు, మరిగే కాస్టిక్ సోడాలో వేస్తే కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతది. వేడి నీళ్లలో ఎక్కువగా నలిపితే ముద్ద కడుతది. అందుకే మనవాళ్లు ఉన్నికి, పట్టుకు చౌడు ముట్టనియ్యరు, కుంకుడు రసం వాడతారు. ఏ పోగుకు ఏ మందు అన్న ఈ తెలివి ప్రయోగశాలలో పుట్టింది కాదు.

తెలంగాణ కురుమలు గొర్రెల్ని చెరువులో కడిగి, ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. దక్కనీ గొర్రె ఉన్ని ముతక, జిడ్డు తక్కువ. చెరువు నీళ్లే చాలు. గొంగడి నేతకు పడుగుకు చింతగింజల గంజి పడితే సరి. మెరినో ఉన్ని అట్లా కాదు, దాని బరువులో 10 నుంచి 25 శాతం దాకా జిడ్డే ఉండొచ్చు. ఐరోపా మిల్లులకు అది పెద్ద సమస్య అయింది. మొదట్లో పులిసిన మూత్రంలోని అమ్మోనియాతో కడిగేవాళ్లు. యార్క్‌షైర్‌లో ఇండ్ల నుంచి మూత్రం సేకరించేవాళ్లు. అదీ కంపు పనే, కానీ ఆ పనికి పుట్టుకతో కులం అంటలేదు.

1860లలో బెల్జియం పట్టణం వెర్వియేలో 'లెవియాథన్' అనే ఉన్ని కడుగు యంత్రం వచ్చింది. వరసగా పొడవాటి తొట్లు, ఉన్నిని మెల్లగా ముందుకు తోసే ఇనుప పళ్లు, తొట్టికీ తొట్టికీ మధ్య పిండే రోలర్లు. సబ్బు, సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు. నదిలో బుట్టలు దించి కర్రలతో కలిపే కూలీల చేతులనే ఇనుముతో పోతపోశారన్న మాట. మిగిలిన మురికి నీళ్లను కూడా వాళ్లు వదల్లేదు. జర్మనీలో 1882లో ఉన్ని జిడ్డును శుద్ధి చేసి లానోలిన్ చేశారు, అది మందుల షాపుల్లోకి, ముఖానికి పూసే క్రీముల్లోకి వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్ పక్కన ఎషోల్ట్ మురుగు కేంద్రం ఆ జిడ్డును అమ్ముకున్నది. మిల్లు చేతిలో పడ్డ మురికి సరుకయింది. మన ఊళ్లో పురిటి గుడ్డలు, ముట్టు గుడ్డలు ఉతికిన ఆడమనిషికి మాత్రం అది మైలగానే మిగిలింది.

కంచ ఐలయ్య 2007లో తెచ్చిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' పిల్లల పుస్తకం ఈ పనుల్ని విజ్ఞానంగా చెప్పింది. మేం దానికి ఒక మాట కలుపుతాం. ఉత్పత్తి కులాలను పొగిడేటప్పుడు దళితవాడ బట్టలు ముట్టని చాకలి రేవులూ ఉన్నాయని మర్చిపోవద్దు. చాకలి ఇక్కడ బి.సి.-ఎ, ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ధోబీలు షెడ్యూల్డు కులం. మెట్ల మీద మెట్లు కట్టిన వ్యవస్థ అట్లా పనిచేస్తది.

ఇప్పుడు హైటెక్ సిటీ సంగతి. యంత్రం రావడం తప్పు అని మేం అనం. చౌడు నీళ్లలో చేతులు పగిలి, నడుములు వంగిన వాళ్ల బిడ్డలం యంత్రాన్ని ఎందుకు వద్దంటాం? కానీ రేవు ఊరు ఉమ్మడిది, బాన చాకలిది, డ్రమ్ము హోటలుది. రేవులో ఆమె ఏది చౌడుకు, ఏది కుంకుడుకు అని తనే తేల్చేది. డ్రమ్ము దగ్గర నిలబడ్డ మనిషికి ఆ నిర్ణయం లేదు, బట్ట ఎక్కించుడు, దించుడే. అందుకని జీతం లెక్కలో ఆయన 'నైపుణ్యం లేని' కూలీ. తరతరాల విద్య యంత్రంలోకి పోయింది, దానికి రావలసిన వాటా ఎవరూ లెక్కగట్టలేదు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం లాండ్రీలకు, దోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ప్రకటించింది. ఇస్త్రీ డబ్బాకు అది ఆసరానే. హోటలు గుడ్డలు ఉతికే డ్రమ్ము కొనడానికి కావలసింది కరెంటు ఒక్కటే కాదు. జాగా కావాలె, అప్పు కావాలె, హోటలుతో కాంట్రాక్టు కావాలె. రజక సహకార సంఘం పేరు మీద ఈ మూడూ ఇస్తారా అని అడగవలసిన చోటు మాదాపూరే.