ఊలు అల్లిక నేర్చుకోవడానికి ఏం కొనాలి? ఏం కొనక్కర్లేదు?



దీపావళి సెలవుల తర్వాత కార్యానుభవం పీరియడ్‌లో ఊలు అల్లిక మళ్లీ మొదలుపెడుతున్నాం. దాని గురించి కొంచెం వివరంగా రాయాల్సి వస్తోంది, ఎందుకంటే పోయిన సంవత్సరం తప్పు మా వైపు జరిగింది. ఆరు జతల సూదులు, నాలుగు రంగుల ఊలు, ఒక నమూనాల పుస్తకం అని జాబితా రాసి ఇళ్లకు పంపాం. రెండు వారాలు తిరగకుండానే ఒక పిల్ల అల్లిక ఉన్న రోజు బడికి రావడం మానేసింది. అడిగితే కడుపునొప్పి అంది. అసలు సంగతి తర్వాత తెలిసింది. వాళ్లమ్మ బీడీలు చుట్టి తెచ్చే డబ్బులు ఇంటి ఖర్చుకే చాలవు, ఆ మాట చెప్పడానికి పిల్లకు సిగ్గు. ఆ జాబితా రాసింది నేనే. అందులో చాలా వస్తువులు కొత్తగా నేర్చుకునేవాళ్లకు అవసరమే లేదు.

అందుకే ఈసారి జాబితా లేదు. ఒక జత సూదులు, ఒక ఊలు ఉండ ఉంటే చాలు. అవి కూడా కొనలేనివాళ్లు ఏం చేయాలో కింద రాస్తున్నాను.

సూదులు

మన షోలాపూర్‌లో మగ్గం ఎరిగిన ఇళ్లకు ఒక విషయం చెప్పక్కర్లేదు. నూలులో నంబరు పెరిగిన కొద్దీ పోగు సన్నమవుతుంది. 20 నంబరు నూలు కంటే 40 నంబరు నూలు సన్నం. మన దుకాణాల్లో దొరికే అల్లిక సూదుల లెక్క కూడా అంతే, అది పాత ఇంగ్లండు లెక్క. 6 నంబరు సూది 5 మిల్లీమీటర్ల మందం, 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు మూడుంపావు మిల్లీమీటర్లు.

అమెరికా లెక్క దీనికి తిరకాసు. అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది. వాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్లు, వాళ్ల 6 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా నమూనా చూసి మన దుకాణంలో 8 నంబరు అడిగితే సన్నవి వస్తాయి, అల్లింది చిన్నదైపోతుంది. అప్పుడు ఇంకో జత కొనాలి. నంబరు నమ్మకండి, మిల్లీమీటర్లు చూడండి.

మొదట నేర్చుకోవడానికి మన 8 నంబరు, అంటే 4 మిల్లీమీటర్ల జత ఒక్కటి చాలు. దుకాణంలో మరాఠీలో "విణకామాచ్యా సుయా" అని అడగండి. ఊలుకు "లోకర్" అనాలి. సూదులు కొనలేకపోతే సన్నటి వెదురు పుల్లలు రెండు తీసుకుని, కొనలు చెక్కి, గరుకు కాగితంతో బాగా రుద్ది, కొవ్వొత్తి మైనం పట్టించండి. పోగు చిక్కుకోకుండా జారితే పుల్ల సిద్ధమైనట్టే. చెక్కే పని పెద్దవాళ్లు చేయాలి. సైకిలు పుల్లలు వద్దు, అవి ఈ ఊలుకు మరీ సన్నం.

ఊలు

నేర్చుకునేవాళ్లకు యాక్రిలిక్ ఊలు మంచిది. అసలు ఉన్ని కంటే చవక, ఇంట్లో ఉతికినా ముడుచుకుపోదు. లేత రంగు తీసుకోండి, నలుపు రంగులో తప్పు కుట్టు కనపడదు. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారన్నదే, మందం కాదు. కాబట్టి 4 ప్లై, 8 ప్లై అన్న మాట ఒక్కటే చూడకుండా ఉండ మీది చీటీలో ఎన్ని మిల్లీమీటర్ల సూది రాశారో చూడండి. ఒకే వస్తువుకు రెండు మూడు ఉండలు కావాలంటే చీటీ మీది లాట్ నంబరు ఒకటే ఉండాలి. లేకపోతే అల్లాక రంగు తేడా తెలుస్తుంది.

కొనకుండా ఊలు దొరికే దారి పాత స్వెట్టరు. విప్పే ముందు లోపలికి తిప్పి పక్క కుట్టు చూడండి. గుడ్డలా కత్తిరించి, అంచులకు మిషను కుట్టు వేసి ఉంటే వదిలేయండి, ప్రతి వరుసకూ పోగు తెగి ముక్కలే వస్తాయి. అంచు తెగకుండా, జడలాగా కుట్లు కనబడితే పోగు పొడుగ్గా వస్తుంది. విప్పిన పోగును కుర్చీ వీపుకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, చన్నీళ్లలో ఉతికి, కింద చిన్న బరువు కట్టి ఆరేయండి. వంకరలు పోతాయి. ఇంట్లో తాతయ్యలను అడగండి, చిలప కట్టడం వాళ్లకు కొత్త కాదు.

నమూనాలు

పుస్తకం కొనక్కర్లేదు. రావెల్రీ అనే వెబ్‌సైటులో వెతికేటప్పుడు ఉచితం అన్నది ఎంచుకుంటే డబ్బు కట్టక్కర్లేనివి చాలా వస్తాయి. నార్వే వాళ్ల డ్రాప్స్ నమూనాలు కూడా ఉచితం. ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి బడి కంప్యూటర్ గదిలో మేమే తీసి, తెలుగులో రాసి ఇస్తాం. అందులో కె అంటే సీదా, పి అంటే ఉల్టా. ఇంతే తెలిస్తే సగం చదివినట్టే. డబ్బుకు అమ్మే నమూనాను మాత్రం జెరాక్సు తీసి పంచకండి. అది ఒకరి కష్టం.

మొదటి పని

24 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ సీదాగానే అల్లండి. దాదాపు 48 వరుసలకు చదరం అవుతుంది. ఒక మూలను ఎదుటి మూలకు మడిచి చూస్తే అంచులు కలవాలి. 4 మిల్లీమీటర్ల సూదితో, దానికి తగిన ఊలుతో అల్లితే పక్కకు 11, 12 సెంటీమీటర్లు వస్తుంది. 50 గ్రాముల ఉండకు ఇలాంటివి ఆరేడు అవుతాయి, అంటే ఒక ఉండను నలుగురైదుగురు పిల్లలు పంచుకోవచ్చు. ఒకరి ముక్క బిగువుగా, ఇంకొకరిది వదులుగా వస్తుంది. దానికి తిట్టకండి. స్వెట్టరు అల్లే ముందు కొలత ముక్క ఎందుకు అల్లుకోవాలో పిల్లలకు అక్కడే అర్థమవుతుంది.

48 ముక్కలు ఆరు నిలువు, ఎనిమిది వరుసలుగా కలిపి కుడితే పసిబిడ్డకు కప్పే దుప్పటి అవుతుంది. ఈ ఏడాది మన పని అదే. ఏ ముక్క కొత్త ఊలుదో, ఏది పాత స్వెట్టరుదో కుట్టాక ఎవరూ అడగరు.

ఇంట్లో మిగిలిన ఊలు, వాడని సూదులు ఉంటే బడికి పంపండి. ఆఫీసులో ఒక పెట్టె పెడుతున్నాం. కావలసిన పిల్లలు కారణం చెప్పక్కర్లేకుండా, పేరు రాయించక్కర్లేకుండా అందులోంచి తీసుకోవచ్చు. అల్లిక వచ్చిన అమ్మలు, అమ్మమ్మలు ఒక్క గంట వచ్చి పిల్లల పక్కన కూర్చుంటే మాకు అంతకంటే కావలసింది లేదు.

డబ్బు లేదన్న కారణంతో ఏ పిల్లా అల్లిక రోజున ఇంట్లో ఉండిపోకూడదు. అలా జరుగుతున్నట్టు మీకు తెలిస్తే దయచేసి నాకు చెప్పండి.

— ప్రధానోపాధ్యాయులు