మాటకు ముఖమూ సాక్షియే

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై శాంతి, శుభాలు కురియుగాక!

మనిషి కేవలం నాలుకతోనే మాట్లాడడు. అతని ముఖం, చూపు, చేయి, కూర్చునే తీరు సైతం మాట్లాడతాయి. అవి నాలుక పలికిన మాటను బలపరచనూగలవు, వమ్ము చేయనూగలవు.

దైవప్రవక్త (స) వారి బోధనా విధానాన్ని గమనించండి. విశ్వాసులు పరస్పరం ఒకే కట్టడంలోని భాగాల వంటివారని చెబుతూ ఆయన తమ రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి జొనిపి చూపారు. ఘోర పాపాలను వివరిస్తున్న వేళ ఆయన ఆనుకుని కూర్చుని ఉన్నారు. అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా లేచి కూర్చుని, ఆ మాటను పదే పదే పలికారని హజ్రత్ అబూ బక్రహ్ (రజి) తెలిపారు. ఆ ఒక్క కదలికతోనే ఆ పాపం ఎంత తీవ్రమైనదో శ్రోతలకు బోధపడింది. ఖుత్బా ఇచ్చేటప్పుడు ఆయన కళ్లు ఎర్రబడేవని, స్వరం హెచ్చేదని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. అది నటన కాదు; హృదయంలోని ఆవేదన ముఖంలో ప్రతిఫలించడం.

అయితే సైగకు కూడా ఒక నేల, ఒక భాష ఉంటాయి. హిజ్రీ 10వ సంవత్సరం, అరఫాత్ మైదానంలో ప్రవక్త (స) తమ చూపుడు వేలిని ఆకాశం వైపు ఎత్తి, ప్రజల వైపు చూపుతూ, సాక్షిగా ఉండమని అల్లాహ్‌ను వేడుకున్నారు. నమాజులో మనం ఎత్తే వేలు దేవుని ఏకత్వానికి సాక్ష్యం. కాని మన తెలుగులో ‘వేలెత్తి చూపడం’ అంటే తప్పు పట్టడం. ఉర్దూలో ‘ఉంగ్లీ ఉఠానా’ అన్నా అదే అర్థం.

ఈ సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను. కొన్నేళ్ల క్రితం వడ్డీ గురించి ప్రసంగిస్తూ, నాకు తెలియకుండానే ఒక వరుస వైపు వేలు చాచాను. అక్కడ కూర్చున్న పెద్దాయన కుమార్తె పెళ్లికి వడ్డీకి అప్పు తెచ్చినవారు. ఆ విషయం నేనెరుగను. తరువాత రెండు జుమాలకు ఆయన రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, “హజ్రత్, మీరు చెప్పింది సత్యమే. కాని అందరి ముందూ నన్నే చూపించారు కదా!” అన్నారు. నేను వినిపించిన ఆదేశం అల్లాహ్‌ది. చాచిన వేలు మాత్రం నాది. ఆయనను క్షమాపణ కోరాను.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా పేరు ‘అబస’, అంటే ‘నొసలు చిట్లించాడు’. ప్రవక్త (స) మక్కాలో ఖురైష్ నాయకులకు ఎంతో తపనతో ధర్మాన్ని బోధిస్తుండగా అంధులైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి, తనకు బోధించమని కోరారు. మాటకు అంతరాయం కలగడంతో ప్రవక్త (స) వారి నొసలు ముడివడింది; ముఖం పక్కకు తిరిగింది. ఆ అంధుడు దానిని చూడలేదు. అయినా అల్లాహ్ ఆ విషయంలో వాక్యాలను అవతరింపజేశాడు. చూడలేని వాని పట్ల చూపిన ముఖకవళిక సైతం ప్రభువు సన్నిధిలో లెక్కకు వస్తుందంటే, చూడగలిగే వారి ఎదుట మనం ముఖం చిట్లిస్తే ఏమనాలి?

ఈ హెచ్చరిక మింబరు ఎక్కేవానికి మాత్రమే కాదు. మస్జిదు ద్వారం వద్ద చేయి చాచిన పేదవాని నుండి ముఖం తిప్పుకోవద్దు. ఇంట్లో బిడ్డ మాట్లాడుతుంటే సెల్‌ఫోన్ వైపు చూస్తూ ఊకొట్టవద్దు. ప్రజల పట్ల గర్వంతో ముఖం తిప్పుకోవద్దని లుఖ్మాన్ తన కుమారునికి ఉపదేశించారు. సోదరుని ఎదుట చిరునవ్వు కూడా దానమేనని మన ప్రవక్త (స) బోధించారు.

ఓ అల్లాహ్! మా నాలుకలకు సత్యాన్నీ, మా ముఖాలకు సౌమ్యతనూ ప్రసాదించు. మా మాటలకు మా చేతలు సాక్ష్యమిచ్చేలా చేయి. ఆమీన్!