శుక్రవారం... రియాద్... పాత దోస్తు

క్యాంపు, సైటు, మళ్లీ క్యాంపు. రెండేళ్లుగా మాకు తెలిసిన రియాద్ ఇదే. మొన్న శుక్రవారం బత్హాలో ఉండే మా ఊరి దోస్తు దగ్గరికి ముగ్గురం బయల్దేరాం. 4 రియాళ్ల మెట్రో టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది. 2024 డిసెంబరులో మొదలైన ఈ రైలుకు డ్రైవరే ఉండడు!

దోస్తు మమ్మల్ని మస్మక్ కోటకు తీసుకెళ్లాడు. 1902లో అబ్దుల్ అజీజ్ కొద్దిమంది అనుచరులతో పట్టుకున్న మట్టికోట ఇది. నాటి పోరులో తలుపులో దిగిన ఈటె మొన నేటికీ ఉంది. "మన గోల్కొండ ముందు ఇదెంత?" అన్నాడు మావాడు. అందరం నవ్వుకున్నాం.

రూములో పప్పుచారు తింటుంటే దోస్తు గొంతు మారింది. "ఇంటికి పోక నాలుగేండ్లాయె. బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చింది. కఫీల్ సంతకం పెడ్తలేడు."

వాడు పనిచేసేది వర్క్‌షాపులో. 2021 మార్చి 14 నుంచి అలాంటి ప్రైవేటు కార్మికులు ఎగ్జిట్ రీ-ఎంట్రీకి అబ్షర్‌లో సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికి, ఇంటి డ్రైవర్లకు ఇది వర్తించదు. ఆ మాట చెప్పగానే వాడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

ఇకామా జేబులో పెట్టుకుని మీరూ ఓ శుక్రవారం కదలండి. ఊరు చూసినట్టుంటుంది, దోస్తుకు మాటసాయం చేసినట్టూ ఉంటుంది.