నాలుగిళ్ల పల్లె లిటిల్ గిడ్డింగ్

ఇంగ్లండులో హంటింగ్డన్ పట్టణానికి వాయవ్యంగా, పొలాల నడుమ, లిటిల్ గిడ్డింగ్ అనే కుగ్రామం ఉంది. నాలుగిళ్లు, ఒక చిన్న చర్చి, ఊరంతా అంతే. 1625లో అంత కూడా లేదు. పంటభూములు గొర్రెల బీళ్లు కాగా రైతులు ఎన్నడో చెదిరిపోయారు. చర్చిలో ఎండుగడ్డి నిలవచేసేవారు.

ఆ ఏడు లండన్ వర్తకుని వితంతువు మేరీ ఫెర్రర్ ఈ భూమిని కొన్నది. వర్జీనియా కంపెనీలో ఉన్నతపదవి నిర్వహించి, పార్లమెంటు సభ్యుడుగా కూడా ఉన్న ఆమె కుమారుడు నికొలస్ లోకవ్యవహారాలకు స్వస్తి చెప్పి అక్కడికి చేరాడు. చర్చిని శుభ్రం చేయించేదాకా ఆ వృద్ధమాత విశ్రమించలేదట.

అన్న, అక్క, వారి సంతానం, పనివారు కలిసి ముప్పైమందికి పైగా ఒకే కుటుంబంగా బతికారు. తెల్లవారుజామునే లేవడం, గంటగంటకూ ప్రార్థన, రాత్రివేళ వంతులవారీగా జాగరణ. పావురాలు ఇరుగుపొరుగు రైతుల గింజలు తింటాయని పావురాల గూటిని ఖాళీచేయించి బడిగా మార్చారు. చుట్టుపక్కల పిల్లలు ఒక్కొక్క కీర్తన వల్లెవేస్తే ఒక్కొక్క పెన్నీ. ఆదివారం భోజనం అదనం.

వారి హస్తకౌశలం మరీ విచిత్రం. నాలుగు సువార్తల అచ్చుపుటలను వాక్యం వాక్యంగా కత్తిరించి, క్రీస్తు జీవితం ఒకే కథగా సాగేటట్టు అతికించి, బొమ్మలు చేర్చి, బైండు చేసేవారు. మొదటి చార్లెస్ రాజు అటువంటి గ్రంథం ఒకటి ఎరువు తీసుకొని నెలల తరబడి వదలలేక, తనకూ ఒకటి కావాలన్నాడు. 1635 నాటి ఆ ప్రతి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

కవి జార్జ్ హెర్బర్ట్ 1633లో మరణశయ్యపై నుంచి తన కవితల ప్రతిని నికొలస్‌కు పంపాడు: పనికొస్తే అచ్చువేయించు, లేకుంటే తగలబెట్టు అని. ఆ ఏడే కేంబ్రిడ్జిలో అవి వెలువడ్డాయి. అదే నికొలస్ 1637లో తన అవసానకాలంలో, తాను కూడబెట్టిన నాటకాలను, శృంగారకావ్యాలను బుట్టలకొద్దీ తన సమాధిస్థలం మీదే కాల్పించాడు! సాహిత్యప్రియులకు ఇది మింగుడుపడని సంగతి. పొగ చూసిన ఇరుగుపొరుగువారు మాత్రం మంత్రగ్రంథాలు తగలబెడుతున్నాడన్నారు.

అనుమానాలు అంతటితో ఆగలేదు. ఇది రహస్యంగా నడిచే సన్యాసినుల మఠమని 1641లో ఒక కరపత్రం నిందించింది. అంతర్యుద్ధంలో ఓడిన చార్లెస్ 1646 మే నెలలో మారువేషంలో, చీకటిమాటున ఇక్కడికే వచ్చాడు. సోదాలు జరిగితే మొదట ఈ ఇంటికే వస్తారని గ్రహించిన జాన్ ఫెర్రర్, రాజును పొరుగున మరొక ఇంటికి చేర్చాడు. కొద్దిరోజులకే రాజు స్కాట్ సైన్యానికి లొంగిపోయాడు.

1657లో జాన్, అతని సోదరి సుసానా మరణించడంతో ఆ సహజీవనం ముగిసింది. 1936లో టి. ఎస్. ఎలియట్ ఈ పల్లెను చూశాడు. 1942లో దీని పేరుతోనే కావ్యం ప్రకటించాడు. నికొలస్ సమాధి చర్చి గుమ్మానికి ఎదురుగానే, కాస్త ఎడంగా ఉంది. గుమ్మానికి దగ్గరి చోటు అన్న జాన్‌కు ఉండాలని ఆ దూరాన్ని అతడే కొలిపించాడు.