విద్యుత్ గిటారునకు శ్రుతి మార్చు పెడలు

సంగీతమునకు శ్రుతి తల్లి యనియు, లయ తండ్రి యనియు మన పెద్దలు చెప్పుచుందురు. తల్లి తప్పిన పాట యెంత గొప్ప గాయకుడు పాడినను చెవికి ఇంపు గాదు. ఇప్పుడు నంద్యాలలోను, ఆళ్లగడ్డ పరిసర గ్రామములలోను గల దేవాలయములందు హార్మోనియమునకును తబలాకును తోడుగా కీబోర్డును, విద్యుత్ గిటారును వచ్చి చేరినవి. గిటారు వాయించు యువకుని పాదముల చెంత చిన్న లోహపు పెట్టె లుండుట మన విద్యార్థు లనేకులు చూచియే యుందురు. వానిలో నొకటి, వాయించిన స్వరమును పైకి గాని క్రిందికి గాని మార్చి వినిపించును. దీనిని పిచ్ షిఫ్టర్ అందురు. ఇది యెట్లు పనిచేయును? మన సంఘగానమునకు దీనివలన మేలా, కీడా? ఈ రెండు ప్రశ్నలకు మాకు తెలిసినంతవరకు సమాధానము చెప్ప బూనుచున్నాము.

మొదట స్వర మన నేమో తెలిసికొందము. ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేయు చోట నిలుచున్నచో సన్నని ఉలి మ్రోత హెచ్చుగాను, పెద్ద సమ్మెట మ్రోత తగ్గుగాను వినబడును. వేగముగా కంపించునది హెచ్చు స్వరమును, మెల్లగా కంపించునది తగ్గు స్వరమును ఇచ్చును. గిటారునందలి అయిదవ తీగె సెకనునకు 110 మారులు కంపించును. దాని పొడవును సరిగా సగము చేసి మీటినచో 220 కంపములు గలిగి, అదే స్వరము పై స్థాయిలో పలుకును. షడ్జమునకు పైషడ్జము రెండింతలు. పంచమము ఒకటిన్నర యింతలు. హార్మోనియము మీద ఒక మెట్టునుండి దాని ప్రక్కనే యున్న తెల్ల లేక నల్ల మెట్టునకు పోయినచో కంపముల సంఖ్య సుమారు 1.0595 రెట్లగును. ఇట్లు పండ్రెండు మారులు హెచ్చించినచో సరిగా రెండింత లగును. కాబట్టి స్వరమును మార్చుట యన కంపముల సంఖ్యను ఒక నిర్ణీతమైన అంకెచే గుణించుటయే గాని వేరు గాదు.

విద్యుత్ గిటారునందు ఉక్కు తీగెల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగె చుట్టయు నుండును. తీగె కదలినప్పుడెల్ల చుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టి, తీగె యెట్లు కంపించునో అట్లే యెగసి దిగుచుండును. గాలిలోని ధ్వనిని మనము పట్టి మార్చలేము. కాని అది విద్యుత్తుగా మారిన పిమ్మట మన చేతిలోని మట్టివంటిదే.

తొలినాటి ఉపాయములు సులభమైనవి. ప్రవాహము దిగిన భాగమును పైకి మడిచినచో ఒక కంపమునకు రెండు యెగుళ్లు ఏర్పడి, స్వరము పైస్థాయికి పోవును. రాజర్ మేయర్ అను నాంగ్లేయుడు చేసిన ఆక్టేవియా యను పెట్టెలో ఈ ఉపాయమే కలదు. దానిని జిమీ హెండ్రిక్స్ 1967లో వాయించి ప్రసిద్ధికి తెచ్చెను. ఇందుకు మారుగా రెండు కంపముల కొకమారు మాత్రమే మార్పు గలిగించు వలయము నమర్చినచో స్వరము క్రింది స్థాయికి దిగును. 1982లో జపాను దేశపు బాస్ సంస్థ విడుదల చేసిన ఓ.సి.-2 అను పెట్టె ఈ విధమున ఒక స్థాయిని, రెండు స్థాయిలను దించి పలికించెడిది. కాని ఒకేమారు రెండు తీగెలు మీటినచో ఏ కంపమును లెక్కింపవలెనో దానికి తెలియక తొట్రుపడును. మరియు స్థాయిని దప్ప పంచమమును గాని గాంధారమును గాని ఇయ్యజాలదు.

ఏ స్వరమునకైనను మార్చు ఉపాయము నెరుగుటకు రైలుకట్ట చెంతకు పోదము. నంద్యాల దరి గేటువద్ద నిలిచియుండగా బండి కూత వేయుచు వచ్చి దాటిపోవును. దాటిన తక్షణమే కూత స్వరము దిగిపోవుట మీరందరు వినియుందురు. క్రిస్టియన్ డాప్లర్ అను శాస్త్రజ్ఞుడు 1842లో దీనికి కారణము చెప్పెను. 1845లో బైస్ బాలట్ అను డచ్చి పండితుడు బాకా నూదువారిని రైలుబండి నెక్కించి ఊదించి దానిని రుజువు చేసెను. బండి గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనునకు 20 మీటర్ల వేగముతో వచ్చుచున్న దనుకొనుడు. ధ్వని వేగము సెకనునకు సుమారు 340 మీటర్లు. ఎదురుగా వచ్చునపుడు 340ని 320చే భాగింపగా 1.0625, పోవునపుడు 360చే భాగింపగా 0.944. అనగా కూత హార్మోనియము మీద వచ్చునపుడు సుమారొక మెట్టు హెచ్చుగాను, పోవునపుడు ఒక మెట్టు తగ్గుగాను వినబడును. కూత వేయు యంత్రము మారలేదు; సెకనునకు మనకు చేరు కంపముల సంఖ్యయే మారినది.

నేటి పెడళ్లలో ఈ సూత్రమునే వాడుదురు. గిటారు ప్రవాహమును సెకనునకు నలువది వేలకు పైబడిన మారులు కొలిచి, ఆ అంకెలను జ్ఞాపకపు గదులలో వరుసగా వ్రాసెదరు. వ్రాసిన వేగముకంటె త్వరగా చదివినచో స్వరము హెచ్చును. మెల్లగా చదివినచో తగ్గును. కాని ఇచట నొక చిక్కు గలదు. త్వరగా చదువువాడు వ్రాయువానిని కలిసికొని చదువుట కేమియు లేక నిలిచిపోవును గదా! అప్పుడు వెనుకకు దుమికి మరల మొదలిడవలెను. దుమికినచోట ధ్వని తెగి టక్కుమనును.

ఈ చిక్కును దీర్చుటకు ఇద్దరు చదువువారిని ఏర్పరచిరి. పూర్వము మన సీమలో ఒకే బావికి రెండు కపిలలు కట్టి, ఒకటి నీరు పోయుచుండగా రెండవది బావిలోనికి దిగునట్లు తోలెడివారు. కాలువలో ధార తెగెడిది కాదు. అట్లే ఒక చదువువాని ధ్వని సన్నగిలుచుండగా రెండవవాని ధ్వని హెచ్చును. జ్ఞాపకపు నిడివి సెకనులో ఇరువదవ వంతైనచో, ఒక మెట్టు హెచ్చించుటకు సుమారు 0.84 సెకనున కొకమారు అతుకు పడును. ఒక స్థాయి హెచ్చించుటకు సెకనునకు ఇరువది అతుకులు పడును. ఎంత దూరము మార్చిన అంత గరుకుదనము గలుగుటకు కారణ మిదియే. 1975లో అమెరికాలోని ఈవెంటైడ్ సంస్థ హెచ్.910 అను యంత్రమును వెలువరించెను. ప్రకటనలకు చోటు చేయుటకై నాటకములను వేగముగా త్రిప్పిన టెలివిజన్ వారు, హెచ్చిన గొంతులను మరల దించుటకు దానిని వాడిరి. 1990 ప్రాంతమున డిజిటెక్ సంస్థ వామీ యను పెడలును తెచ్చెను. దానిని పాదముతో నొక్కిన కొలది స్వరము తెగక జారుచు రెండు స్థాయిలవరకు పైకి పోగలదు. టామ్ మొరెల్లో మున్నగువారు దీనితో వింత ధ్వనులు పలికించిరి.

ఈ జారుట మనకు క్రొత్త గాదు. వీణ తీగెను వ్రేలితో లాగి గమకము పలికించుటలో ఇదియే కలదు. పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద వ్రేళ్లతోనే గమకములను సాధించి లోకమును మెప్పించెను. హార్మోనియమునకు ఈ శక్తి లేదు. అది గమకమును పలుకజాలదను ఆక్షేపణ కతమున ఆకాశవాణి దానిని 1940 నుండి 1971 వరకు బహిష్కరించెను.

ఇక సంఘగానము సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాటపైన రాగతాళములు వ్రాయబడియుండును. ఏ శ్రుతిలో పాడవలెనో నిర్బంధము లేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను ఒకటిన్నర శ్రుతిలో పాడినను అయిదు శ్రుతిలో పాడినను రాగము చెడదు. అయినను గిటారు వాయించువాడు తనకు చేతివాటమైన శ్రుతిలోనే మొదలిడుటచే, పల్లవి పాడిన వృద్ధులు చరణమున పైస్థాయి నందుకొనలేక నోరు మూసికొందురు. బాలికల గొంతులకు సరిపోవునది తండ్రుల గొంతులకు సరిపోదు. కేపో యను బిగింపు స్వరమును పైకి మాత్రమే తీయును, దించలేదు. అప్పుడు పెడలుతో రెండు మెట్లు దించినచో, వ్రేళ్ల అలవాటు మార్చుకొనకయే అందరు పాడగల శ్రుతి లభించును. ఇది గొప్ప మేలు. సంఘములో నొకని గొంతైనను మూగవోకుండ జేయు యంత్రమును వలదనుట తగదు.

కాని దీని దోషములను మరువరాదు. మొదటిది ఆలస్యము. మార్చిన స్వరము సెకనులో నూరవ వంతో, ఏబదవ వంతో ఆలస్యముగా వెలువడును. ఏబదవ వంతనగా సుమారు ఏడు మీటర్ల దూరమున నున్నవాడు వాయించినట్లు; తబలాతో కలియుటకు అలవాటు కావలెను. రెండవది, నిశ్శబ్దమైన గదిలో తీగెల అసలు స్వరమును మారిన స్వరమును కలిసి వినబడి వాయించువానిని కలవరపెట్టును. మూడవది ముఖ్యము. తప్పిన శ్రుతిని పెడలు సరిదిద్దదు, స్వరమును హెచ్చించినచో పెంచి చూపును. సెకనునకు 440, 442 కంపములు గల రెండు తీగెలు కలిసినచో సెకనునకు రెండు ఊపులు వినబడును. వానిని ఒక స్థాయి హెచ్చించినచో 880, 884 అయి నాలుగు ఊపులు వినబడును. చిన్న తప్పు పెద్ద తప్పగును.

కావున విద్యార్థులకు మా మనవి యిది. ఆరు తీగెలను చెవితో శ్రుతి చేయుట మొదట నేర్చుకొనుడు. పిమ్మట ఒకే కీర్తనను మూడు శ్రుతులలో వ్రేళ్లతోనే వాయింప నభ్యసింపుడు. పెడలును కొన్నప్పుడు దానిపై వ్రాసియున్న వోల్టుల సంఖ్యను, ధన ఋణ ధ్రువముల గురుతును చూచియే విద్యుత్తు కలుపుడు. తారుమారైన పెడలు చెడిపోవచ్చును. పాట మొదలిడుటకు ముందు సంఘములోని పెద్దల నొకరిని చరణమునందలి పైస్వరము పాడుమని యడుగుడు. వారికి అందిన శ్రుతియే ఆనాటి శ్రుతి. ఆ శ్రుతిని కనుగొనుట చెవి పని. అచటికి గిటారును చేర్చుట మాత్రమే పెడలు పని.